తావత్తు

హలో… ఆ, నేనే. మార్తనే. మాతని కాదు.

…నవ్వండి రామకోటేశ్వరరావు గారూ. నా వంటల పుస్తకం అచ్చు వేసింది మీరు. మీరు నవ్వకపోతే ఇంకెవరు నవ్వుతారు.

…కొంచెం గట్టిగా చెప్పండి. ఇది మా ఆయన షెడ్డు ఫోను. ఇక్కడ లారీ డోరు సుత్తితో కొట్టి సాపు చేస్తున్నారు. ఆటోనగర్లో నెమ్మదిగా మాట్లాడితే ఎవరికీ వినపడదు.

ఆ… అందాయి. పుస్తకాలు నిన్న అందాయి. ఊరంతా కొనుక్కున్నాక రాసిన నాకు పంపించారు.

…లేదు, పేరు సంగతి పుస్తకం చూడకముందే తెలిసింది. మొన్న చల్లపల్లి నుంచి ఒకావిడ వచ్చింది. కొబ్బరికాయ, అరటిపళ్ళు పట్టుకుని. అడ్రసు మీ కొట్లోనే ఇచ్చారట.

…ఎందుకేంటి, దర్శనానికి. నేను పెరట్లో బొమ్మిడాయిలకి బూడిద రాస్తున్నాను. జిగట పోవాలిగా. చేపలు గంప కింద ఉన్నాయి. ఆవిడకి నా చేతులే కనపడ్డాయి. విభూతి అంటూ కాళ్ళ మీద పడింది.

…చెప్పానండీ. పొయ్యిలో బూడిదమ్మా అని చెప్పాను. అమ్మకి అన్నీ ఒకటేగా అంది. పొట్లం కట్టుకుని తీసుకెళ్ళింది.

…నేను నవ్వలేదు. చేపలు చేసుకోవాలి.

అసలు నేనేం రాసిచ్చాను మీకు? శ్రీమతి మార్త జాన్‌బాబు. గుండ్రంగా రాశాను. మీ ప్రూఫులు దిద్దే బసవయ్య గారేం చేశారు? మార్త అనే మాట తెలుగులో లేదన్నారట. ర తీసేసి, కింద ఉన్న తావత్తుని పైకెక్కించారు. మాత అయింది. మాతకి శ్రీమతి ఏంటని అందులో మతి కూడా తీసేశారు.

…పెద్దాయనే. కాదన్నానా. మరి జాన్‌బాబు ఎక్కడికి పోయాడు? లోపలి పేజీలో చూడండి. ‘ముఖచిత్రం: జాన్‌బాబు’. మా ఆయన బొమ్మలు వెయ్యరండీ. లారీలకి రంగులు వేస్తారు. నిన్నట్నుంచి షెడ్డులో కుర్రాళ్ళంతా ఆర్టిస్టు గారూ అని పిలుస్తున్నారు. ఆయనకి బాగానే ఉంది. నాకే బాగాలేదు.

…అయిపోయాయా? అన్నీనా?

…సంతోషం. అయితే రెండో అచ్చు వేస్తారుగా. దాని మీద నా పేరు వెయ్యండి. నేనడిగేది అదొక్కటే.

…ఎందుకు కుదరదు?

…మాత అని ఉంటేనే కొంటున్నారా… వ్రతకథల పక్కన పెట్టి అమ్ముతున్నారా. గోంగూర పప్పుకీ వ్రతానికీ ఏంటండీ సంబంధం.

…ఏం తీసెయ్యాలి?

…చేపలూ మాంసమూ. మొత్తం అధ్యాయమా.

…మాత బొమ్మిడాయిల పులుసు రాస్తే జనం ఏమనుకుంటారంటారా. మాత రాయలేదుగా. మా అమ్మ చెప్పింది, నేను రాశాను. అమలమ్మ. పామర్రులో మిషను హాస్టల్లో వంట చేసేది. నేను అక్కడే పొయ్యి ముందు కూర్చుని ఎక్కాలు చదువుకున్నాను. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆ పులుసు కోసం పిల్లలు వరస కట్టేవాళ్ళు. అది తీసేస్తే ఆ పుస్తకంలో మా ఇంటిది ఇంకేం మిగులుతుంది?

…అదృష్టం అనకండి. నాకు ఒళ్ళు మండుతుంది.

…మర్యాదా? మర్యాద సంగతి మీ ఆవిడనడగండి. రాజ్యలక్ష్మి గారిని. నేను బెజవాడ వచ్చి వరండాలో వంట క్లాసు పెట్టిన కొత్తలో వచ్చింది. పెళ్ళయిన కొత్త. గిన్నెలు మీ ఇంటివి, బియ్యం మీ ఇంటివి. నీళ్ళు కూడా మీ ఇంటి నుంచే బిందెతో రిక్షాలో వచ్చేవి.

…నాదేంటా? నోరు. చేతులు వెనక్కి కట్టుకుని చెప్పేదాన్ని. నేను గరిట ముట్టుకుంటే ఆ కూర మీ ఇంటికి వెళ్ళదు.

…మిమ్మల్ని తప్పు పట్టట్లేదండీ, జరిగింది చెప్తున్నాను. ఆవిడొక్కతేనా, వచ్చినవాళ్ళలో సగం మంది అంతే. పోపు మాడుతుంటే నోటితో ఆపాలి. రుచి చూడకుండా ఉప్పు ఎంతో చెప్పాలి. పాకం వచ్చిందో లేదో దూరం నుంచి చూసి చెప్పాలి. అలా చెప్పీ చెప్పీ పుస్తకం అయింది. మీరే అన్నారుగా, చదువుతుంటే చెయ్యి పట్టుకుని నేర్పినట్టుంది అని. చెయ్యి పట్టుకోనివ్వలేదు కాబట్టే అలా వచ్చింది.

…ఆ. నాకు కోపంగా ఉందండీ. ఈ డోరు చప్పుడులో గొంతు మీకు తెలియట్లేదేమో, అందుకని చెప్తున్నాను. మార్త ముట్టుకుంటే కూర పనికిరాదు. మాత బూడిదిస్తే పొట్లం కట్టుకుంటారు. చేతులు అవేగా.

…ఎవరు, మీ అమ్మగారా? ఆవిడకేమైంది?

…పూజగదిలోనా. పుస్తకానికి పసుపు రాశారా.

…ఓహో. ఆవిడకి తెలిస్తే ఏమవుతుందోనని మీ బాధ. అది ముందే చెప్పాల్సింది. ఇంతసేపూ నేను అమ్మకాల గురించనుకున్నాను.

…పక్కనే ఉన్నారా. నాతో ఎందుకండీ… వద్దు… హలో… హలో—

నమస్కారమండీ సీతారావమ్మ గారూ.

…ఆ, పుస్తకం రాసింది నేనే.

…దర్శనాలవీ ఏం లేవండి. అడగండి, పర్వాలేదు.

…ఉసిరికాయ పచ్చడా. బూజు పైనే పట్టిందా, లోపలికి దిగిందా? …పైనే అయితే ఆ మేరకి తీసెయ్యండి. మిగతాది ఒక పూట ఎండలో పెట్టి, నూనె కాచి, చల్లారాక పొయ్యండి. జాడీలో ఎవరో తడి గరిట పెట్టారు.

…కోడలు కాదులెండి. నేను నేర్పినవాళ్ళు ఆ పని చెయ్యరు. మీ అబ్బాయిని అడగండి.

…నా గొంతా? విన్నారండి. చాలాసార్లు విన్నారు. కోడల్ని తీసుకొచ్చి, గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నా చేతులు చూస్తూ.

…ఆ. ఆ మార్తనే.

…లేదండి. మాత ఎవరూ లేరు. అది అచ్చుతప్పు.

…అవునండి. చేపలు కడిగే చేతులే. ఆ చేతులతోనే రాశాను.

…తీసెయ్యండి. తప్పకుండా తీసెయ్యండి. పూజగదిలోంచి తీసి వంటింట్లో పెట్టుకోండి. నేను రాసింది అక్కడికే.

…సరేనండి. అబ్బాయికివ్వండి.

…

…హలో. ఆ, ఉన్నాను. మీ అమ్మగారి కేకలు నాకిక్కడ వినపడ్డాయి. డోరు కొట్టేవాళ్ళు కూడా ఒకసారి ఆగారు.

…దొంగ మాత పేరుతో అమ్మితే పాపం చుట్టుకుంటుందన్నారా. పెద్దావిడ, ఆవిడ మాట వినండి.

…నా మీద అభిమానంతో కాదులెండి. తెలుసు. ఆవిడ కారణం ఆవిడది. పేరు పడితే నాకు చాలు.

…చేపల గురించి ఏమన్నారు? …మార్త అని వేశాక చేపలుంటే ఏం, లేకపోతే ఏం అన్నారా. అయితే ఉంటాయి.

…అమ్మకాలు తగ్గుతాయేమో. తగ్గనివ్వండి. కొబ్బరికాయలు కూడా తగ్గుతాయి.

…ఒక్క పని చెయ్యండి. కొట్టు మీ ఇంటి కిందేగా, బసవయ్య గారిని ఫోను దగ్గరకి పిలవండి. పెన్సిలు తెచ్చుకోమనండి.

…నమస్కారం బసవయ్య గారూ. …పర్వాలేదండి, అయిందేదో అయింది. రాసుకోండి. శ్రీమతి. మతితో సహా. …ఆ. తర్వాత, మా. దీర్ఘం ఉంది. ర. ర కింద తావత్తు.

…కింద. కిందేనండి.

…తెలుగులో లేకపోతే లేదు. పామర్రులో ఉంది. మా అమ్మ పెట్టింది.

…పక్కనే జాన్‌బాబు. మళ్ళీ ముఖచిత్రం దగ్గరికి పంపకండి. ఆయన పాడైపోతున్నారు. …ఆ. ఇప్పుడు మొత్తం ఒకసారి చదవండి.

…ఇంకోసారి.

…ఆ. అదే నా పేరు. ఇంక మీరు దాన్ని ముట్టుకోకండి.

ఉంటాను.