చదవకుండా పెట్టిన సంతకం

గాజు తలుపు సరిగా మూసుకోలేదు. లోపల మేనేజరూ, రాజీనామా కాగితంతో వచ్చిన అతని అసిస్టెంటూ మాట్లాడుకుంటున్నారు.

“విదేశంలో ఎంబీఏ సీటంటే మాటలు కాదమ్మాయ్. ఏదైతేనేం, నా సిఫార్సు ఉత్తరం పనిచేసింది.”

“దానివల్లే వచ్చింది సార్. మీరు చదివారా దాన్ని?”

“నిన్నే రాసుకురమ్మన్నాగా. ఎవరికైనా అంతే, రాసుకొస్తే సంతకం పెడతా. అవన్నీ చదువుతూ కూర్చుంటే నా పనెవరు చేస్తారు?”

“మూడేళ్లుగా నేనే చేస్తున్నా సార్.”

“సరేలే. మొన్న డైరెక్టరుగారు కూడా అడిగారు, ఆ ఉత్తరం మీరే రాశారా అని. ప్రతి అక్షరం నాదేనన్నా. నీకోసం అబద్ధమాడాను, గుర్తుపెట్టుకో.”

“గుర్తుంటుంది సార్. గోదాముల ప్లాను మొత్తం ఈ అమ్మాయిదే, దానిమీద నా పేరు వేసుకుని ప్రమోషన్ తెచ్చుకున్నాను అని మీ మాటగా రాశానందులో.”

“ఏంటి, వేళాకోళమా?”

“మూడో పేరా సార్. కాపీ ఇదిగో.”

“ఇది... ఇది డైరెక్టరుగారి దాకా ఎలా వెళ్లింది?”

“అసలుదో కాదో చూసి చెప్పమని ఎంబీఏ కాలేజీవాళ్లు ఆయనకే పంపారు. మీరు ఒప్పుకున్నాక, అసలుదేనని ఆయన జవాబిచ్చారు. మర్నాడే నాకు సీటొచ్చింది.”

“తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదా.”

“ఆ ఇల్లు కట్టింది నేనే సార్. నా వాసాలు నేను లెక్కపెట్టుకున్నా, అంతే.”

“ఇప్పుడు నన్నేం చేయమంటావ్?”

“నా రాజీనామా మీద సంతకం పెట్టండి సార్. ఈసారి చదివి పెట్టండి.”