వేణ్ణీళ్లు

సోఫాలు గోడకి జరిపేసిన హాల్లో, కార్పెట్లు శుభ్రం చేసే అతను మరక దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇంటి పెద్దావిడ పక్కనే నిలబడింది.

“ఏం మరకమ్మా ఇది?”

“టీ. మెల్లగా మాట్లాడు బాబూ. మా అబ్బాయి లోపల పడుకున్నాడు. వాడు లేచేసరికి ఇది పోవాలన్నాడు.”

“టీ అయితే ఈ పుల్లటి మందు చల్లి, మిషన్‌తో వేణ్ణీళ్లు కొడితే పోతుంది. ఎవరు ఒలకబోశారు?”

“మా కోడలు. చెయ్యి జారింది.”

“ఆవిణ్ణి ఒకసారి పిలవండి. పాలు పోసిన టీనో కాదో తెలిస్తే మందు సరిగ్గా కలుపుతాను.”

“పుట్టింటికెళ్లింది.”

“ఆడవాళ్ల చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయే?”

“నీ పని నువ్వు చూసుకో నాయనా.”

“చూసుకుంటానమ్మా. మరి మీరేంటి, మరకని తొక్కకుండా సోఫాల వారగా తిరిగొచ్చారు?”

“అలవాటైపోయింది.”

“నాకెందుకుగానీ, ఒక్కమాట. ఇది ఉన్ని కార్పెట్. మరక రక్తానిదైతే చన్నీళ్లే వాడాలి. వేణ్ణీళ్లు తగిలాయంటే ఉడికిపోయి ఉన్నికి పట్టేస్తుంది. ఆ తర్వాత ఏ మందు పోసినా వదలదు. కార్పెట్ ఉన్నంతకాలం ఉంటుంది.”

“ఎవరు కడిగినా పోదా?”

“పోదమ్మా.”

“మా వాడు ఇంకొకళ్లని పిలిపించినా?”

“ఎవరొచ్చినా అంతే. చెప్పండి, చన్నీళ్లు కలపనా?”

“వేణ్ణీళ్లే కొట్టు బాబూ. వాడడిగితే, మీ అమ్మ టీ అనే చెప్పిందను.”