బొగ్గుల విసనకర్ర

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలోలో మధ్యాహ్నం. అక్క బొగ్గుల మీద చేప కాలుస్తూ విసురుతోంది. పక్కనే తమ్ముడి పాత ల్యాప్‌టాప్ రొద పెడుతోంది.

“అక్కా, ఆ విసనకర్ర ఇటు తిప్పవే! ఇది మళ్లీ సెగలు కక్కుతూ ఆగిపోతోంది.”

“చేప పచ్చిగా ఉంటే తింటావా?”

“పొద్దున చర్చిలో తీసిన పెళ్లి వీడియో, సాయంత్రం విందులో తెర మీద ఆడాలి. ఆడకపోతే ఈ ఊళ్లో ఇంకెవరు పిలుస్తారు నన్ను?”

“ఎక్కడ ఆగుతోంది?”

“ప్రతిసారీ ఒకే చోట. పెళ్లికూతురు దీవెన కోసం తండ్రి చెయ్యి తన నుదుటికి ఆనించుకునే చోట. అక్కడ బొమ్మ నిదానంగా కదిలేలా చేశా, రంగులద్దా, మెరుపులు చల్లా. ఈ ముసలిది మొయ్యలేకపోతోంది.”

“అవన్నీ తీసెయ్.”

“తీసేస్తే ఏముంటుందే? ఉత్త చెయ్యి, ఉత్త నుదురు.”

“అది తీస్తుంటే కళ్లు తడిశాయన్నావు. అప్పుడున్నాయా మెరుపులు?”

అతను తెర మీదికి వంగి టకటకా మీటలు నొక్కాడు.

“ఏం చేస్తున్నావ్?”

“తీసేశా. విసురు, ఆపకు! దాటుతోంది... దాటింది! అయిపోయిందక్కా!”

“విందులోనూ దీంట్లోంచే ఆడించాలా?”

“ఇంకేముంది నా దగ్గర?”

“మరి అక్కడెవరు విసురుతారు, మహారాజా?”

తమ్ముడు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకున్నాడు. అక్క చేతిలోని విసనకర్ర లాక్కుని గడప దాటాడు.