పచ్చ కొవ్వు

ఆగు, ఆగు! ఆ కత్తి ముందు కింద పెట్టు. ఆ కొవ్వు మీద చెయ్యి వేశావంటే ఊరుకోను జార్లాత్, చెబుతున్నాను.

ఏమిటలా చూస్తావు? నేనే, మాలకీని. తలుపు తీసే ఉంది, వచ్చాను. మాంసం కోసేచోటికి బురద బూట్లతో రాకూడదని నాకూ తెలుసులే. ఇక్కడే గుమ్మంలో నిలబడతాను. నువ్వు మాత్రం ఆ కొవ్వు తియ్యకు.

నాకు తెలియదనుకున్నావా? ఫింటన్ ఫోన్ చేసి ఉంటాడు. 'ఒరే జార్లాత్, కొవ్వంతా శుభ్రంగా గీకి పారెయ్యరా, ఆ పసుపు రంగు ఎక్కడా కనపడకూడదు' అని ఉంటాడు. అనకేం చేస్తాడు? వాడి పరువంతా ఇప్పుడు ఆ కొవ్వు మీదే వేలాడుతోంది.

నువ్వేం చెప్పకు. ముందు నేను చెప్పేది విను. మూడేళ్ళుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఈ కొండ మీద నోరు మూసుకుని వినేవాడివి నువ్వొక్కడివే. మీ నాన్నా అంతే. కత్తికి తప్ప ఇంకెవరికీ జవాబు చెప్పేవాడు కాదు.

నీకు గుర్తుందా, ఏటా నవంబరులో నేను రెండు కోడెల్ని ఇక్కడికి తోలుకొచ్చేవాణ్ణి. ఒక్కొక్కదాన్ని నాలుగిళ్ళ వాళ్ళు పంచుకునేవాళ్ళు. ఫ్రీజరు నిండేది. మళ్ళీ వేసవి దాకా దుకాణం మొహం చూడక్కర్లేదు. దుకాణంలో ఉత్త కీమాకి పోసే డబ్బుతో నా దగ్గర తొడ మాంసం వచ్చేది, పక్కటెముకలు వచ్చేవి, పులుసు ఎముకలు ఊరికే వచ్చేవి. అదీ ఎలాంటి మాంసం? దాణా ముట్టని మాంసం. తల్లి పాలు, తరవాత కొండ గడ్డి, మంచు పడితే ఎండుగడ్డి. అంతే.

ఇదిగో, ఈ బల్ల మీదే కదా పోగులు పెట్టేవాళ్ళం. నేను గోడ వైపు తిరిగి నిలబడేవాణ్ణి. మీ నాన్న ఒక పోగు మీద చెయ్యి పెట్టి 'ఇది ఎవరికి?' అనేవాడు. నేను వెనక్కి చూడకుండా ఒక పేరు చెప్పేవాణ్ణి. మంచి ముక్క ఎవరికి పోయినా, మెడ ముక్క ఎవరికి పోయినా ఒక్కరు నోరెత్తేవారు కాదు. ఎందుకెత్తుతారు? మాలకీ చూడలేదని వాళ్ళకి తెలుసు. చూడకుండా చెప్పినవాడి మాట మీద ఇంటిల్లిపాదీ చలికాలమంతా తినేవాళ్ళు.

అలాంటి నమ్మకాన్ని వాడు ఒక్క మాటతో కోసి పారేశాడు. నీ కత్తికి కూడా అంత పదును లేదు.

ఎక్కడ అంటావా? చర్చి గేటు దగ్గర. ఆదివారం ప్రార్థన అయ్యాక, జనమంతా గొడుగులు విప్పుకుంటున్నారు. అట్రాక్టా టీచరు, పాపం ఆమెకే దురుద్దేశమూ లేదు, 'ఈ ఏడు మాలకీ మాంసంలో కొవ్వు బాగా పచ్చగా ఉంది, ఎందుకంటారు?' అని అడిగింది. పక్కనే ఫింటన్, వాడికీ మాంసం అమ్మకమే. వెంటనే అందుకున్నాడు. 'పచ్చగా ఉందా? అయ్యో టీచరమ్మా, అది ముసలావు! పాలు ఎండిపోయిన ఆవుకే కొవ్వు అలా పసుపెక్కుతుంది. ఏం చేస్తాడు, పాపం మాలకీ, వాడికీ జరగాలి కదా' అన్నాడు.

పాపం అన్నాడు జార్లాత్! తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాణ్ణి. జాలిపడ్డాడు.

నేను వాళ్ళ వెనకే ఉన్నాను, టోపీ చేత్తో పట్టుకుని. 'గడ్డి మేసిన పశువుకి కొవ్వు అలాగే ఉంటుందమ్మా' అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఇన్నేళ్ళు తిండి పెట్టిన చేత్తో ఇప్పుడు ప్రమాణాలు చెయ్యాలా అనుకున్నాను. టోపీ పెట్టుకుని వచ్చేశాను.

ఇంకేముంది, తరవాతి ఏడు ఒక్కొక్కరే ఫోన్లు. 'మాలకీ, మా ఫ్రీజరు పాడైపోయింది.' 'మాలకీ, పిల్లలు కోడిమాంసం తప్ప ముట్టడం లేదు.' అట్రాక్టా అయితే, 'డాక్టరు ఎర్రమాంసం మానెయ్యమన్నాడు, ఏమీ అనుకోకు నాయనా' అంది. ఆ వారమే ఫింటన్ వ్యాను ఆమె గుమ్మం ముందు ఆగి ఉంది. వాడి మాంసం తినమని డాక్టరు మందుచీటీ మీద రాసిచ్చాడు కాబోలు!

వాడి మాంసం ఏపాటిదో నీకు తెలియదా? నువ్వే కదా కోసేది. వేసవంతా బయట మేపుతాడు, కాదనను. కోతకి ముందు నెలల తరబడి షెడ్డులో కట్టేసి బార్లీ దాణా పోస్తాడు. కొవ్వు పాలమీగడలా తెల్లగా వస్తుంది. వ్యాను మీద మాత్రం 'గడ్డి మేపిన మాంసం' అని పెద్ద అక్షరాలు. పక్కన పచ్చటి ఆకు బొమ్మ కూడా!

నా కోడెలు సంతకి పోయాయి. అక్కడ బేరగాళ్ళు కర్రతో పొడిచి చూసి, 'ఏం తాతా, దీనికి తిండి పెట్టావా, కబుర్లు పెట్టావా?' అని నవ్వారు. మంద సగమైంది. ఈ చలికాలం కూడా ఇలాగే పోతే కొండ పొలం పక్కవాడికి కౌలుకివ్వడమే. పక్కవాడెవడు? ఫింటనే! నా గడ్డి మీద వాడి ఆవులు నడుస్తుంటే నేను కిటికీలోంచి చూస్తూ టీ తాగాలన్నమాట.

ఆ చర్చికి పోవడం మానేశాను. కొండ అవతలి చర్చికి పోతున్నాను. అక్కడి ఫాదరు ప్రసంగం మొదలుపెడితే ముందు వరసలో వాళ్ళకి కూడా నిద్రే. అయినా పోతున్నాను. ఆ గేటు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

సరే, ఈ సెప్టెంబరుకి రా. పశువుల డాక్టరు వచ్చి క్షయ పరీక్ష చేశాడా, ఫింటన్ కోతకి పెంచినవి రెండూ పట్టుబడ్డాయి. లారీ వచ్చి ఎక్కించుకుపోయింది. మిగతావన్నీ దూడలు. దొడ్డి మూసేశారు, కొత్త పశువు లోపలికి రాకూడదు.

నవ్వానా అంటావా? వాడి ముందు నవ్వలేదు. నా దొడ్లోకి పోయి ఆవుల మధ్య నిలబడి నవ్వాను. అవి మేత ఆపి చూశాయి.

ఆ వారమే వచ్చాడు గేటు దగ్గరికి.

'ఏరా మాలకీ, బాగున్నావా?'

'బతికే ఉన్నాను, కనపడుతున్నానుగా.'

'వాన వదలడం లేదు.'

'వదలడం లేదు.'

'పోయినేడు ఇంత లేదు.'

'లేదు.'

మూడేళ్ళుగా మాటల్లేని మనుషులం, గేటుకి చెరోవైపు నిలబడి వాన గురించి ఎంతసేపు మాట్లాడామనుకున్నావు! చివరికి కక్కాడు. 'నీ దగ్గర కోడె ఏదైనా ఉంటుందేమిట్రా? నాలుగిళ్ళ వాళ్ళకి మాటిచ్చేశాను.'

'ఉంటే ఉంది. కానీ నాది పచ్చ కొవ్వు కదరా ఫింటన్' అన్నాను.

వాడి మొహం చూడాల్సింది నువ్వు! గేటు మీది తుప్పు గోటితో గీకుతూ, 'అది నేను చూసుకుంటాలే' అన్నాడు. చూసుకుంటాడట! అంటే నీ చేత గీకించేస్తాడని అప్పుడే అర్థమైంది నాకు.

చెయ్యి చాపాడు. నేను అరచేతిలో ఉమ్మి, వాడి చేతిలో ఫెళ్ళున చరిచాను. బేరం అయిపోయింది. చేతులు చరుచుకున్నాక ఈ కొండ మీద ఎవడైనా పశువుని చూపించమంటాడా? దాని వయసు రాసిన కాగితం తెమ్మంటాడా? అడిగితే మొహాన ఉమ్మినట్టే. వాడూ అడగలేదు. అడగడని నాకు తెలుసు. దాని మీదే కదా నేను పథకమంతా వేసింది! వాడి దొడ్డి మూతపడింది కనుక పశువుని తిన్నగా నేనే నీ దగ్గరికి తోలుకొచ్చాను. వాడు దాని తోక కూడా చూడలేదు.

నువ్వు చూశావు. కాగితం నీ చేతికే ఇచ్చాను. నీకు కాగితం కూడా అక్కర్లేదులే, ఎముక రంపానికి ఎదురు తిరుగుతుంటేనే తెలిసిపోయి ఉంటుంది.

కోడె కాదు. డ్రిమిన్. మా ముసలావు. వీపు మీద తెల్లచార ఉండేది కదా, అదే. మా ఆవిడ ఊనా బతికి ఉండగా సీసాతో పాలు పట్టి పెంచింది. పధ్నాలుగేళ్ళు దానికి. రెండేళ్ళుగా చూలు నిలవడం లేదు.

ముసలావన్నాడుగా? తిననీ. వాడి నోట్లోంచి వచ్చిందే వాడి పెట్టెల్లో సర్ది పంపుతున్నాను. ఆదివారం మధ్యాహ్నం అట్రాక్టా బల్ల మీద పెడుతుంది, చుట్టూ బంగాళాదుంపలు పేర్చి. పచ్చటి కొవ్వు. కత్తి దిగదు. ఆమె అన్నగారికి కట్టుడు పళ్ళు, అవి మాంసంలోనే ఉండిపోతాయి! 'ఏమిటిది ఫింటన్?' అంటారు. ఏం చెబుతాడు? లేగ కోడె అంటాడా? పచ్చ కొవ్వంటే ముసలావని మాకు పాఠం చెప్పింది నువ్వే కదయ్యా అని వాడి వ్యాను మీది ఆకు బొమ్మని గోళ్ళతో పీకుతారు.

అందుకే కొవ్వు ఉంచమంటున్నాను. అది తీసేస్తే గట్టి మాంసం ఒక్కటే మిగులుతుంది. గట్టి మాంసానికి వండినవాళ్ళని తిట్టుకుంటారు. కొవ్వు ఉంటేనే వాణ్ణి తిడతారు.

ఆఁ? ఏమన్నావు? ఆ ఫ్యాను కట్టెయ్, వినపడటం లేదు.

తియ్యడం లేదా? మరి ఆ కత్తెందుకు? మూత్రపిండాల చుట్టూ ఉన్నదా? అది విడిగా ఎవరికి? క్రిస్మస్ పుడ్డింగులో తురిమి వెయ్యడానికా... అట్రాక్టాకా?

పచ్చగా ఉన్నదే కావాలందా?

పచ్చగా ఉంటుందని ఆమెకెవరు చెప్పారు?

ఫింటనా? ఎప్పుడు? పోయిన ఆదివారమా? ఎక్కడ, ఆ గేటు దగ్గరేనా? అందరూ ఉండగానే?

ఏమన్నాడు? ఉన్నదున్నట్టు చెప్పు. నువ్వసలే నోరు తెరవవు, తెరిచినప్పుడైనా మొత్తం చెప్పి చావు.

'ఈసారి మాంసం మాలకీది. కొవ్వు పచ్చగా ఉంటుంది. గడ్డి మేసినదానికి అలాగే ఉంటుంది. అప్పుడు నేను చెప్పింది అబద్ధం. నా సరుకు అమ్ముకోవడానికి చెప్పాను.' అలాగే అన్నాడా? టోపీ తీసి? వానలో?

అట్రాక్టా ఏమంది? తల దించుకుందా... వచ్చే ఏడు నా దగ్గరే తీసుకుంటామన్నారా? నాలుగిళ్ళ వాళ్ళూనా?

వెధవ! ఒట్టి వెధవ ఫింటన్! మూడేళ్ళు నోరు మూసుకున్నవాడు ఇప్పుడెందుకు తెరిచాడు? చెప్పదలచుకున్నవాడు నా గేటు దగ్గరే చెప్పి ఏడవచ్చు కదా! వాన గురించి అంతసేపు వాగిన నోటికి ఈ ఒక్క మాట బరువైందా? అప్పుడే అని ఉంటే నేను... ఏమో, అప్పుడూ నమ్మేవాణ్ణి కాదేమో. కానీ డ్రిమిన్‌ని తోలుకొచ్చేవాణ్ణి కాదు.

ఆదివారం ఆ చర్చికి పోయి ఉంటే నా చెవులతో వినేవాణ్ణి. విని మాత్రం ఏం లాభం? అప్పటికే ఇది నీ కొక్కేనికి వేలాడుతోంది.

చూశావా, నా దగ్గర కొనేవాళ్ళని లాక్కున్నాడు, ఇప్పుడు నా పగ కూడా లాక్కున్నాడు.

మరి శనివారం ఈ మాంసం వాళ్ళ ఇళ్ళకి పోతుంది. ఆదివారం వండుతారు. కత్తి దిగదు. ఇది ఫింటన్ మాంసమని ఎవరూ అనరు, నా పేరు చెప్పి ఇస్తున్నాడు కదా. 'పాపం ఫింటన్ మంచితనానికి పోయి అబద్ధమని ఒప్పుకున్నాడు గానీ, మొదట చెప్పిందే నిజం' అంటారు. అంటే తప్పేముంది? నిజమే కదా. వాడు అన్నప్పుడు అది అబద్ధం. దాన్ని నిజం చేసింది నేను. ట్రైలరు ఎక్కించి, నా చేత్తో తాడు పట్టుకుని.

మొత్తం కీమా కొట్టేస్తే? తలూపుతావేం? అందరూ కాల్చుకునే ముక్కలే అడిగారా... పోనీ నీ చల్లగది చెడిపోయిందని చెప్పు. చెప్పవా? చెప్పవులే. అచ్చం మీ నాన్న పోలికే. ఇంట్లో ఇంకొక మంచి కోడె ఉంది జార్లాత్, సంతకి పంపకుండా ఉంచుకున్నాను. రేపు పొద్దున్నే తోలుకొస్తాను. మాంసం మెత్తబడటానికి మూడు వారాలు వేలాడాలి, తెలుసు. క్రిస్మస్‌కి అందుతుంది. డ్రిమిన్‌ని నేనే ఇంటికి పట్టుకుపోతాను. బతికినన్నాళ్ళు దాని పాలు తాగాను, మిగిలినన్నాళ్ళు దీన్ని నములుతాను. నాకు తగిన తిండే.

కానీ శనివారం లోపల ఎవరో ఒకరు ఫింటన్‌కి చెప్పాలి.

అలా నా వైపు చూడకు.

వాడు తిడితే బాగుండును. తిట్టడు. అదే నా భయం. 'పోనీలేరా మాలకీ' అంటాడు, చూడు. క్షమిస్తాడు! అందరి ముందూ టోపీ తీసినవాడికి క్షమించడం ఎంతసేపు? అన్నాడంటే మాత్రం ఇంకో మూడేళ్ళు వాడితో మాట్లాడను.

ఏదీ, నీ ఫోనివ్వు. వాడి నంబరు నా దాంట్లోంచి ఎప్పుడో పీకేశాను. నువ్వే కలుపు. మోగుతోందా? ఇటివ్వు. నువ్వు పోయి ఆ ఎముకల రంపం వెయ్యి. ఏదో ఒకటి కొయ్యి, ఉత్త చెక్కయినా సరే. గట్టిగా మోగాలి. నేను వాడితో అనబోయే మాట నీ చెవిన పడటానికి వీల్లేదు.