గడప లేని గది

హలో… ఆఁ, నేనేనండీ, వెంకటసుబ్బారావునే. ఆటోనగర్‌లో లారీ బాడీలు కడతాను. పొద్దున మీ పార్కు హోటల్‌కి గదుల కోసం ఫోన్ చేసింది నేనే…

మీ పేరేంటన్నారు?… స్టీఫెన్ గారా. సంతోషం. చెప్పండి స్టీఫెన్ గారూ.

అబ్బే, పనేం లేదు. ఆదివారం కదా, షెడ్డుకి సెలవు. ఇంట్లోనే ఉన్నాను.

ఆరుగురం. రాసుకోండి. మా అమ్మ సీతమ్మ గారు, ఎనభై మూడేళ్ళు, చక్రాల కుర్చీలో ఉంటుంది. తర్వాత నేను. మా ఆవిడ రామతులసి, ఈవిడకి మోకాళ్ళు… నడుస్తుందండీ, శుభ్రంగా నడుస్తుంది. మెట్టు కనపడితే మాత్రం ఆ కట్టినవాణ్ణి వదిలేసి నన్ను తిడుతుంది. మా అబ్బాయి హర్షవర్ధన్, కోడలు ఉషశ్రీ, వాళ్ళ పాప. పాపకి ఐదేళ్ళు, దానికి గదితో పనే లేదు, పార్కంతా దానిదే…

రెండో అంతస్తా? లిఫ్టుందా?… బాగానే ఉంది. కారు ఎక్కడాగుతుంది?… సరే, అక్కణ్ణుంచి లిఫ్టు దాకా నేల సమంగా ఉంటుందా?… ఎన్ని?… మూడా? లిఫ్టు ఎక్కడానికి మూడు మెట్లెక్కాలా? ఏం లిఫ్టండీ బాబూ అది! మెట్లెక్కలేకే కదా లిఫ్టు వెతుక్కుంటాం!

నవ్వకండి. నాకూ నవ్వొస్తోంది గానీ నవ్వకండి.

ఆఁ, వేరేది చెప్పండి… పల్లెసీమ కుటీరాలా? కింద గదులే?… వాలుబాట కట్టారా! చూశారా, ముందే చెప్పొద్దూ! ఎంత వాలు?… కారు దిగిన చోట నుంచి అరుగు మీదికి. ఓహో. పట్టుకోవడానికి కమ్మీ కూడా ఉందా! నా ప్రాణం లేచొచ్చింది స్టీఫెన్ గారూ…

తులసీ! దొరికిందే! వాలుబాటుందట!… ఆఁ, అడుగుతా, అన్నీ అడుగుతా…

మా ఆవిడండీ. బాత్రూం అడగమంటోంది. అడుగుతాను గానీ ముందు గుమ్మం చెప్పండి. అరుగు మీద నుంచి గదిలోకి అలా దొర్లిపోవచ్చా?…

ఏముంది?…

గడపా?…

అంటే… నిజం గడపే? చెక్కది?… ఎనిమిదంగుళాలా!

స్టీఫెన్ గారూ, లక్షణంగా వాలుబాట కట్టి, చివర గడప పెట్టారా?… గడప లేకపోతే ఇల్లనిపించుకోదన్నారా మీ ఓనరు గారు? ఆయన మాటా కరెక్టే. మా ఇంటికీ ఉండేది. పసుపు రాసి బొట్లు పెట్టేది మా అమ్మే. ఆవిడ కుర్చీ ఎక్కిన నాలుగో రోజున మా షెడ్డు రంపం తెచ్చి నేనే కోసేశాను. మా ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు నేల మీదే ముగ్గు వేసుకుంటోంది, లక్ష్మీదేవి ఏమీ అలిగి వెళ్ళిపోలేదు.

ఏంటీ?… కుర్రాళ్ళున్నారా? నలుగురొచ్చి కుర్చీతో సహా ఎత్తి లోపల పెట్టేస్తారా?…

వద్దు.

వద్దండీ. మీరు మంచికే చెప్పారు, నాకు తెలుసు. కానీ ఆ ఒక్క మాట అనొద్దు… కోపం కాదు బాబూ. వినండి, మీకు చెబుతాను.

రెండేళ్ళ కిందట మా మేనకోడలి పెళ్ళి. కంకిపాడు అవతల ఒక ఫంక్షన్ హాలు. పదకొండు మెట్లు. నేనేం చేశానో తెలుసా? మా షెడ్డు మనుషులు నలుగుర్ని పిలిచి, పట్టండ్రా అన్నాను. కుర్చీ వెనక్కి వాల్చి లేపారు. కాళ్ళు పైకి లేచాయి, చీర మోకాళ్ళ దాకా వచ్చింది. ఆవిడ ఒక చేత్తో కుర్చీ పట్టుకుని, ఇంకో చేత్తో చీర లాక్కుంటోంది. పెళ్ళికొచ్చిన వాళ్ళందరూ చూస్తున్నారు. ఎవడో వీడియో కూడా తీశాడు. నేను కింద నిలబడి, ఎడంకి, ఎడంకి, ఇంకాస్త పైకి అని అరుస్తున్నాను. లారీ మీదికి క్యాబిన్ దించేటప్పుడు అరిచే అరుపే అది…

ఆ రోజు భోజనం ముట్టుకోలేదు. ఇంటికొచ్చాక ఒకే ఒక్క మాటంది. సామానెత్తినట్టు ఎత్తించావురా, అంది.

అంతే. ఆ తర్వాత మా ఇంటి గేటు దాటలేదండీ. రెండేళ్ళు. డాక్టరైనా ఇంటికి రావాల్సిందే. ఆ మాట ఇప్పటికీ నాకు ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

మొన్న మా పాప వెళ్ళి ఆవిడ ఒళ్ళో కూర్చుని, తాతమ్మా, పార్కుకి నువ్వు రాకపోతే నేనూ వెళ్ళనంది. మేమంతా గుడ్లప్పగించి చూస్తున్నాం. సరేలేవే, నన్నెవరూ ఎత్తకుండా ఉండేట్టయితే వస్తానంది మా అమ్మ! అందుకే మిమ్మల్నింత విసిగిస్తున్నాను. ఈసారి గనక తప్పు జరిగితే ఇక ఆవిడ జన్మలో బయటికి రాదు…

అయ్యో, మీరెందుకు సారీ చెప్పడం! ఎత్తించింది నేను కదా.

ఆఁ… గడప మీదికి రేకా? నేనూ అదే ఆలోచిస్తున్నాను. ఇనప రేకు వంచి తెచ్చేస్తాను, నాకదెంత పని. అరుగు వెడల్పెంత?… ఐదడుగులేనా? చాలదండీ. అంగుళానికి అడుగు చొప్పున ఎనిమిదడుగుల రేకు కావాలి. ఐదడుగుల్లో వేస్తే జారుడుబల్ల అవుతుంది. మా పాపకి నచ్చుతుందేమో గానీ మా అమ్మకి నచ్చదు.

సరే, ఇంకోలా అడుగుతాను. మీ దగ్గర భోజనాలు చక్రాల బండి మీద తిప్పుతారా?… తిప్పుతారు కదా. ఆ బండి గడపా గట్టూ తగలకుండా, ఎవరూ లేపకుండా నేరుగా లోపలికి వెళ్ళే గదులేమన్నా ఉన్నాయా?… ఆలోచించండి. సాంబారు ఒలక్కుండా ఎక్కడికి వెళ్తుందో మా అమ్మా అక్కడికి వెళ్తుంది…

వంటశాల వెనకా?… పాత గదులు. ఊఁ… ఎవరికీ ఇవ్వరా, ఎందుకు?… పార్కు కనపడదు, పోపు వాసన వస్తుంది. ఇంకా?… అంతేనా! స్టీఫెన్ గారూ, ఒక ఉపకారం చేయాలి. మీ కౌంటర్లో చక్రాల కుర్చీ ఉందా? ఆఫీసు కుర్చీ అయినా ఫర్వాలేదు. దాన్ని తోసుకుంటూ అక్కడికి వెళ్ళండి. గుమ్మం ముందు దాన్లో కూర్చుని, కాళ్ళతో తన్నుకుంటూ లోపలికెళ్ళండి. ఫోను పెట్టేయకండి… ఎవరైనా చూస్తే చూడనీయండి, విజయవాడ ఆయన చేయించాడని చెప్పండి!

ఆఁ, వినపడుతోంది, గడగడమంటోంది… ఎవరు నవ్వుతున్నారు?… వంటవాళ్ళా? నవ్వనీయండి… వచ్చారా గుమ్మం దగ్గరికి? ఇప్పుడు కూర్చోండి. ఊఁ… ఊఁ…

వెళ్ళిపోయారా! ఎక్కడా తగల్లేదూ! శభాష్!

దిగకండి, దిగకండి. అలాగే బాత్రూంలోకి… తలుపు వెడల్పు?… టేపు తెప్పించండి… ముప్పై అంగుళాలు. బ్రహ్మాండం, మా కుర్చీ ఇరవై ఆరే. గట్టు లేదు కదా?… టబ్బు లేదా, మరీ మంచిది. కమోడు పక్కన కమ్మీ?… లేదు. అది నేను తెస్తాను, డ్రిల్లు కూడా తెస్తాను, గోడకి నాలుగు బోల్టులు కొట్టుకోనిస్తే చాలు… ఓనరు గారినడిగి చెబుతారా? అడగండి. ఊరికే బిగించి వదిలేసి వస్తానని చెప్పండి, ఇంకొకళ్ళకి పనికొస్తుంది.

పక్క గది కూడా ఖాళీయేనా? రెండూ మాకే రాసేయండి. వచ్చే శనివారం, రెండు రాత్రులు. తెల్లారకముందే బయల్దేరతాం, పదకొండుకల్లా మీ దగ్గరుంటాం… కిటికీలోంచి వంటశాలే కనపడుతుందా? అయ్యో, మా అమ్మకి అంతకంటే వినోదం ఏముంది! మధ్యాహ్నానికల్లా మీ వంటవాడికి చారు పెట్టడం నేర్పేస్తుంది, జాగ్రత్తగా ఉండమనండి.

మొదటి పేరు ఆవిడదే రాయండి. సీతమ్మ గారు. ఆఁ.

ఇంకేంటి?… బొమ్మ రైలా? పార్కు చుట్టూ తిప్పుతుందా… టికెట్లు ఇప్పుడే రాస్తారా. ఎక్కడం ఎలా?… అడుగెత్తు మెట్టు. కుర్చీ ఎక్కదు, మనిషిని ఎత్తి కూర్చోబెట్టాలి… అది వద్దు లెండి. రైలుకి నలుగురే. నేను అమ్మ దగ్గర కిందే ఉంటాను. నలుగురికే…

ఒక్క నిమిషం.

ఏంటమ్మా? నువ్వెప్పుడొచ్చావ్ హాల్లోకి?… మొదట్నుంచీ వింటున్నావా?… రైలమ్మా, చిన్నపిల్లలది. మెట్టుంది, అందుకే నీకొద్దన్నాను… ఏంటీ? ఎక్కుతావా? ఎత్తాలమ్మా మరి. ఎవరూ ఎత్తొద్దన్నావుగా…

…

అవును.

అవునమ్మా, అడగలేదు. ఆ రోజు వాళ్ళని పిలిచాను గానీ నిన్ను అడగలేదు… తప్పయిపోయిందమ్మా. రెండేళ్ళుగా ఈ మాట చెబుదామనే ఉంది… లేదు, ఏడవట్లేదు. నువ్వు ముందు నవ్వడం ఆపు.

సరే, అడుగుతున్నాను. అమ్మా, నిన్ను ఎత్తి రైలెక్కించనా?… నేనొక్కణ్ణే. ఇంకెవరూ రారు… నువ్వు కుచ్చిళ్ళు సర్దుకుని, ఊఁ అన్నాకే. ఒట్టు…

హలో, స్టీఫెన్ గారూ, ఉన్నారా?… విన్నారా అంతా? విననీయండి, ఏముంది. రైలుకి ఆరు రాయండి. అందరం ఎక్కుతున్నాం… ముందు పెట్టెలోనా, వెనక పెట్టెలోనా అంటే… నేనెలా చెబుతానండీ? ఫోను బల్ల మీద పెడుతున్నాను, లైన్లోనే ఉండండి. అమ్మని అడిగొస్తాను.