నరం వెంబడి

నెల్లూరులో ఆసుపత్రి ఎదురుగా బస్టాపు. మైపాడు బస్సు కోసం కరుణాకుమారి, పదో తరగతి చదివే ఆమె కూతురు కెజియా కూర్చుని ఉన్నారు.

"ఏందిమే, చేతులు అట్టా పావడకి తుడుస్తానే ఉండావు?"

"ఏం లేదు."

"ఈ బన్ను తిను. పొద్దున్నుంచి ఏం తినలా నువ్వు."

"వద్దు. అమ్మా, డాక్టరమ్మ ఏం చెప్పిందో మళ్ళా చెప్పు."

"నువ్వు పక్కనే ఉండావు గదా. రొమ్ములో గడ్డ. క్యాన్సర్. సోమవారం వచ్చి చేరమంది, ఆపరేషన్ చేస్తారంట. అంతే."

"అంతే కాదు. నరాల సంగతి చెప్పింది."

"ఆ మాటలు నాకేం అర్థమైనాయి?"

"నాకర్థమైనాయి. నరాలు నొప్పి తెలిపేదానికే కాదంట. గడ్డ పెరిగేదానికి గూడా సాయం చేస్తాయంట. నీ గడ్డ నరం వెంబడే పాకతా ఉందని రిపోర్టులో ఉందంట. చెయ్యి గుంజేది అందుకే అయ్యుండొచ్చంట."

"సరేలే. బస్సొస్తా ఉందేమో చూడు."

"రాలా. అమ్మా..."

"ఏంది?"

"మనం నరం పట్టిందనుకున్నాం గదా."

"అనుకున్నాం. పక్కింటి కామమ్మవ్వ గూడా అదే అనింది. చేపల గంప మోసి మోసి భుజం నరం పట్టేసింది, నూనె వేడి చేసి రుద్దించుకోమని."

"రుద్దింది నేను గదా."

"నువ్వే. దినామూ నువ్వే. మీ నాయన చేత రుద్దించుకుంటే తోలు ఊడొస్తది. వలలు లాగే చెయ్యి!"

"నవ్వబాకమ్మా."

"నవ్వితే ఏమైంది?"

"గట్టిగా రుద్దు, ఇంకా గట్టిగా అంటే నేను గట్టిగా రుద్దినా. ఆ నరాన్నే రుద్దినా. నేనే దాన్ని నరం వెంబడి తోసినానేమో. ఈ చేతుల్తోనే..."

"ఛీ! ఏం మాటలివి?"

"డాక్టరమ్మని అడుగుదామనుకున్నా. నోరు రాలా. అవును అంటే ఎట్టా?"

"అందుకా బన్ను తినంది?"

"చెప్పమ్మా. నేనే గదా?"

"ఏడవబాక, జనం చూస్తా ఉండారు. నువ్వు మందుల షాపుకి పోయినప్పుడు నేనడిగినా. నూనె రుద్దినందువల్ల పాకేది కాదంట అది."

"అబద్ధం. నన్ను ఊరుకోబెట్టేదానికి చెప్తా ఉండావు."

"ప్రభువు సాక్షిగా అడిగినానే!"

"నేన్నమ్మను."

"సరే, ఇది చెప్పు. నీ చెయ్యి ఎప్పుడన్నా భుజం, వీపు దాటి ముందుకొచ్చిందా?"

"రాలా. చంక దగ్గరికొస్తే పట్టుకుని వెనక్కి నెట్టేదానివి. చక్కిలిగింతలని."

"మరి? గడ్డని నువ్వు ముట్టుకోనే లేదు. ఇంక ఎట్టా తోస్తావు? పిచ్చిదానా!"

"చక్కిలిగింతలనా నెట్టింది?"

"ఆ. ఇప్పుడన్నా నమ్మినావా?"

"నీకు చక్కిలిగింతలు లేవు గదమ్మా."

"అది నీ చేతికి తగిలితే భయపడతావని నెట్టినా. చాలా? ఇంక తిను."

"గడ్డ కనబడి నెలే అయిందని డాక్టరమ్మకి చెప్పినావు."

"బస్సొచ్చింది. లెయ్, లెయ్."

"అమ్మా, నువ్వు నా చెయ్యి నెట్టేది మొదలుపెట్టి రెండు క్రిస్మస్‌లు పోయినాయి."