ఐదో వరుస

ఆర్క్నీ దీవుల్లో మంచు తుఫాను మూడో రోజు. పాతకాలపు రాజుగారి సమాధి దిబ్బలో, సీలు కొవ్వు దీపం ముందు ఇద్దరు: కాల్ఫ్, అతని బావమరిది బ్రూసి. గోడ మీద ఎవరెవరో చెక్కిపోయిన రూన్ అక్షరాలు.

"ఇంకోసారి చదువు బావా."

"ఎన్నిసార్లురా బ్రూసీ? నోరెండిపోతోంది."

"తుఫాను ఆగేదాకా ఇంకేం పనుంది? పైనుంచి చదువు."

"సరే. 'ఇవి చెక్కింది ఐవింద్.' 'నిధి కోసం తవ్వకండి, మేం తవ్వేశాం.' 'హెల్గాను మించిన అందగత్తె లేదు.' పాపం, వీడు హెల్గాను చీకట్లో చూసుంటాడు. 'హవార్ద్‌కు ఇంత ఎత్తు అందదు.' అంతే."

"నాలుగే చదివావు. ఐదున్నాయి."

"ఐదోది ఉత్త గీతలు. ఎవడో గొడ్డలి పదును చూసుకున్నాడు. అన్నట్టు, నా గొడ్డలేదిరా?"

"నా దగ్గరుంది. మొద్దుబారితే నూరుతున్నా."

"ఈ మంచులో ఎవర్ని నరుకుతావురా?"

"పై నాలుగూ నాచు పట్టాయి బావా. ఐదోదొక్కటే తెల్లగా ఉంది. మొన్న కోతలప్పుడు చెక్కినట్టుంది."

"అక్షరం ముక్క రానివాడివి, నీకెందుకురా అవన్నీ?"

"వచ్చు. పోయినేడు చలికాలం మా అన్న ఒట్టర్ నేర్పాడు. తిమింగలం ఎముక మీద దిద్దించాడు."

"ఒట్టర్ నేర్పాడా? నాతో ఎప్పుడూ అనలేదే."

"ఐదోది నేను చదవనా? 'కాల్ఫ్...'"

"ఆపు."

"'కాల్ఫ్ ఒట్టర్‌ను చంపాడు. ఆ రోజే ఇక్కడ చెప్పాడు.'"

"బ్రూసీ, నా మాట విను."

"అన్న పడవ మునిగిందన్నావు. నెల రోజులు అక్కా నేనూ ఒడ్డంతా వెతికాం. నువ్వూ మాతోపాటే వెతికావు."

"ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలం దగ్గర, వాటా కోసం మాటా మాటా పెరిగింది. ముందు చెయ్యెత్తింది వాడే. కానీ నేను దాచలేదురా. చంపినవాడు ఆ రోజే, దారిలో తగిలిన మొదటి ఇంట్లో చెప్పుకోవాలి. చెబితే పరిహారంతో పోతుంది. దాస్తేనే హంతకుడు. నేను చెప్పాను."

"ఎవరికి?"

"ఇది ఇల్లు కాదూ? కప్పుంది, వాకిలుంది, లోపల ఇంటాయన పడుకునే ఉన్నాడు."

"ఆయన చచ్చి ఎన్ని తరాలైందో."

"ఇంటాయన బతికుండాలని చట్టంలో ఎక్కడుంది? ఇక్కడ చెక్కాను. చెప్పినట్టే లెక్క."

"బాగా ఆలోచించే అంటున్నావా? ఈ గోడ మీద చెక్కితే చాలా?"

"చాలు. తీర్పు చెప్పే సభలో ఎవడొస్తాడో రమ్మను, నిలబడి వాదిస్తా."

"అక్క కడుపుతో ఉంది బావా."

"అందుకేరా. పరిహారం ఎంతో నువ్వే చెప్పు, కాదనను. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"మొన్న అడిగాను, నిన్న అడిగాను. ఒక్కసారి నీ నోటితో నువ్వే చదివి ఉంటే పరిహారం తీసుకుని ఊరుకునేవాణ్ణి. అక్క కోసం. నిన్న పొద్దుగూకేదాకా ఎదురుచూశాను."

"ఇప్పుడు తెలిసిందిగా. ఆ గొడ్డలి ఇటియ్యి."

"ఇస్తా. ముందు ఆరో వరుస చదువు."

"ఆరోదెక్కడుంది?"

"నేను ఆనుకున్న రాయి మీద. ఇదిగో, జరిగాను. దీపం దగ్గరికి తెచ్చుకో."

"'బ్రూసి... బ్రూసి కాల్ఫ్‌ను చంపాడు. ఆ రోజే ఇక్కడ...' ఒరే, ఇదెప్పుడు చెక్కావు?"

"ఇవాళ పొద్దున, నువ్వు నిద్రపోతుంటే. నువ్వే అన్నావుగా బావా, ఆ రోజే చెప్పాలని. ఇంకా సగం రోజు మిగిలే ఉంది."